పిల్లల మనోవిశ్లేషణ చికిత్స నేర్చుకోవాలంటే ముందు పసిబిడ్డ పక్కన కూర్చోండి

పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో మనోవిశ్లేషణ పద్ధతిలో (మనిషికి తెలియకుండానే మనసులో నడిచే భావాలను అర్థం చేసుకునే చికిత్స ఇది) పనిచేయడం నేర్చుకోవాలని వచ్చే విద్యార్థులు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఏ పుస్తకాలు చదవాలని. పుస్తకాలు తర్వాత చూద్దాం అంటాను. ఇంకో రెండు మూడు నెలల్లో బిడ్డ పుట్టబోయే ఇల్లు ఒకటి వెతుక్కోండి. ఆ బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వారానికి ఒక గంట వెళ్లి చూస్తూ కూర్చోవాలి. మీ శిక్షణ అక్కడ మొదలవుతుంది.

ఈ పద్ధతిని రూపొందించినది ఎస్తర్ బిక్. పోలండ్‌లో పుట్టి వియన్నాలో చదువుకున్న ఆమెకు, పసిపిల్లల చేష్టలను గడియారం పట్టుకుని లెక్కగట్టే అక్కడి పరిశోధన తృప్తినివ్వలేదు. 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ అనే మానసిక చికిత్సా కేంద్రంలో పిల్లల చికిత్సకులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు, అక్కడి పిల్లల విభాగాన్ని నడుపుతున్న జాన్ బౌల్బీ ఆ బాధ్యతను ఆమెకు అప్పగించారు. చికిత్సకు చేయి పెట్టేముందు బిడ్డను చూడటం రావాలని ఆమె పట్టుబట్టారు. ఇప్పటికీ ఈ రంగంలో శిక్షణకు శిశు పరిశీలనే తొలి మెట్టు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ఇల్లు వెతకడం

బాగా తెలిసిన కుటుంబం వద్దు. చుట్టాలు, స్నేహితులు, మీతో పనిచేసేవారు ఎవరూ వద్దు. తెలిసిన ఇంట్లో చూసింది చూసినట్టు రాయలేరు, రాస్తే ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేరు. ప్రసూతి వైద్యురాలినో, ఆశా కార్యకర్తనో మధ్యవర్తిగా పెట్టుకుని అడగండి. ఒప్పుకున్నాక ప్రసవానికి ముందే ఒకసారి వెళ్లి కలవండి. తల్లి, తండ్రి ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకూ విడిగా చెప్పండి. కోడలు సరే అన్నా అత్తగారికి తెలియకపోతే మూడో వారానికే మీ రాక ఆగిపోతుంది.

ఏం చెప్పాలంటే, సూటిగా చెప్పండి: “నేను పిల్లలతో పనిచేయడం నేర్చుకుంటున్నానండీ. బిడ్డ ఎలా పెరుగుతుందో మొదటినుంచీ చూడాలని ఉంది. వారానికి ఒక గంట, ఒకే రోజు, ఒకే వేళకు వస్తాను. మీ పనులు మీరు చేసుకోండి. సలహాలు చెప్పను, ఫొటోలు తీయను. చూసింది రాసుకుంటాను, అందులో మీ పేర్లు ఉండవు. మా గురువుగారి దగ్గర, నాతో చదువుకునే నలుగురైదుగురి దగ్గర దాని గురించి మాట్లాడుకుంటాం.” ఇందులో ఏదీ దాచకండి.

తెలుగు ఇళ్లలో పనిచేసేవారికి లండన్ పాఠ్యక్రమం చెప్పని చిక్కు ఒకటుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. బిడ్డతో మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి వెళుతుంది. అంటే మీరు చూడబోయే బిడ్డకు రెండు ఇళ్లు. మొదటి కలయికలోనే ఈ సంగతి అడిగి తెలుసుకోండి. రెండు ఇళ్లూ మీరు చేరుకోగల దూరంలో ఉంటే అంతకన్నా కావలసింది లేదు. ఇల్లు మారిన వారం బిడ్డ నిద్ర, పాలు తాగే తీరు, చూపు ఏమయ్యాయో దగ్గరుండి చూస్తారు. ఒక జత చేతులు పోయి మరో జత చేతులు వచ్చినప్పుడు మూడు నెలల ప్రాణి ఏం చేస్తుందో చూసే అవకాశం అందరు విద్యార్థులకూ దొరకదు. రెండో ఇల్లు మరో ఊళ్లో ఉంటే రెండో కాన్పు ఇల్లు వెతుక్కోవడం మేలు.

ఇక దిష్టి. పరాయి మనిషి వచ్చి పసిగుడ్డును గంటసేపు రెప్పవేయకుండా చూస్తే ఏ అమ్మమ్మకైనా గుండె గుబేలుమంటుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. చూపుకు బరువుంటుందని ఆమె నమ్ముతోంది. నిజానికి మన శిక్షణ కూడా ఆ నమ్మకం మీదే నిలబడింది. బిడ్డను పొగడకండి. “బొద్దుగా ఉన్నాడు”, “ఎంత చక్కగా నవ్వుతున్నాడో” లాంటి మాటలు నోట రానీయకండి. మీరు వెళ్లాక ఉప్పు తిప్పి పోస్తారని తెలిస్తే నొచ్చుకోకండి. మీ ఎదుటే తిప్పితే, అది కూడా ఆ వారం పరిశీలనలో భాగమే.

ఆ గంట

చెప్పిన వేళకు తలుపు తట్టండి. చెప్పిన వేళకు లేవండి. బిడ్డ నిద్రపోతుంటే నిద్రను చూడండి. నిద్రలో పెదాలు చప్పరించడం, కనురెప్పల కింద గుడ్డు కదలడం, ఉలిక్కిపడి మళ్లీ సర్దుకోవడం చూడటానికి గంట చాలదు.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. సోఫాలో అతిథిలా కూర్చుంటే అతిథి మర్యాదలే జరుగుతాయి. బిడ్డ ఏ గదిలో ఉంటే ఆ గదిలో, దారికి అడ్డం లేకుండా, వీలైతే చాప మీద కూర్చోండి. కాఫీ ఇస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు, వారం వారం తాగితే గంటలో పావు వంతు కప్పుతోనే పోతుంది. మొదటిసారి తీసుకోండి. రెండోసారి నుంచి “మంచినీళ్లు చాలండీ” అనండి. అలవాటు పడతారు. ఫోను సంచిలోనే ఉండాలి, చేతిలో కాగితం కూడా ఉండకూడదు.

“కాస్త పట్టుకోండి, ఇప్పుడే వస్తా” అని బిడ్డను మీ ఒళ్లో పెడతారు. ఒకసారి ఎత్తుకున్నారంటే ఆ ఇంట్లో మీరు సాయానికొచ్చే మనిషి అవుతారు. “పక్కనే కూర్చుని చూస్తుంటానండీ, మీరు వెళ్లి రండి” అని నెమ్మదిగా చెప్పండి. బిడ్డ మంచం అంచు నుంచి జారబోతే మాత్రం ఏ నియమమూ చూడకుండా పట్టుకోండి. అది ఎవరూ చెప్పనక్కరలేదు.

“మావాడు సరిగ్గానే పెరుగుతున్నాడంటారా?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు చెప్పేస్తే ఆ క్షణం నుంచి మీరు డాక్టరు. “మీకేమనిపిస్తోంది?” అని ఎదురు అడిగితే తప్పించుకున్నట్టు ఉంటుంది. “దేని గురించి దిగులుగా ఉందండీ?” అని అడిగి వినండి. చాలాసార్లు ఆ తల్లికి కావలసింది వినే మనిషే. ఆమె కళ్లు నానాటికీ లోపలికి పోతుంటే, బిడ్డ ఏడుపు వినబడనట్టు కూర్చుంటుంటే, అది బాలింతల్లో వచ్చే కుంగుబాటు కావచ్చు. ఆ రోజే మీ పనిని పర్యవేక్షించే సూపర్‌వైజర్‌కు చెప్పండి. వైద్యసాయం అందేలా ఏం చేయాలో ఇద్దరూ కలిసి నిర్ణయించండి.

అన్నిటికన్నా కష్టం ఏమీ చేయకుండా ఉండటం. బిడ్డ ఏడుస్తుంటే మీ చేతులు లేస్తాయి. తల్లి విసుక్కుంటే మనసులో ఆమెను తిడతారు. పెద్దావిడ పాల సీసా బలవంతంగా నోట్లో పెడుతుంటే మీ గొంతు బిగుసుకుంటుంది. ఆ బిగువును గుర్తుపెట్టుకోండి. మీకు ఎప్పుడు కోపం వచ్చింది, ఎప్పుడు నిద్ర ముంచుకొచ్చింది, ఎప్పుడు లేచి వెళ్లిపోవాలనిపించింది అన్నవి ఆ గదిలో జరిగిన వాటి గురించే చెబుతాయి. రేపు క్లినిక్‌లో మాటలు రాని పిల్లవాడి ముందు కూర్చున్నప్పుడు మీకు ఆధారం ఇవే.

రాయడం

ఇంటికి చేరగానే, వేరే మాట ఎవరితోనూ మాట్లాడకముందే రాయండి. వరుసక్రమంలో, మామూలు మాటల్లో. ఆందోళన, అభద్రత, అనుబంధం లాంటి పదాలు ఈ నోట్సులో వద్దు. నా మొదటి ఏడాది నోట్సు నిండా అవే ఉండేవి. ఇప్పుడు తీసి చదివితే బిడ్డ ఎక్కడా కనిపించడు.

తేడా ఎలా ఉంటుందో చూపిస్తాను. ఏడు వారాల బిడ్డకు స్నానం. ఒక విద్యార్థి ఇలా రాయవచ్చు: “అమ్మమ్మ ప్రేమగా స్నానం చేయించింది. మధ్యలో బిడ్డ కాసేపు ఆందోళన చెందాడు. తర్వాత ఏడ్చాడు.” అదే స్నానాన్ని ఇలా రాయాలి:

“అమ్మమ్మ పీట మీద కాళ్లు చాచి కూర్చుంది. బిడ్డ ఆమె కాళ్ల మీద వెల్లకిలా ఉన్నాడు. చెంబుతో నీళ్లు పోసినప్పుడల్లా నోరు తెరిచి ఊపిరి బిగబట్టాడు, ఏడవలేదు. ఆమె సన్నగా ఏదో పాడుతోంది. నీళ్లు అయిపోయాయి. బిడ్డను తువ్వాలు మీద పడుకోబెట్టి సాంబ్రాణి కోసం వెనక్కి తిరిగింది. పాట ఆగింది. బిడ్డ రెండు చేతులూ ఒక్కసారిగా పక్కలకు ఎగిరి వణికాయి. ముఖం కందింది. తల తిప్పి గోడమీది ట్యూబులైటు దగ్గర చూపు ఆపాడు. రెప్ప వేయలేదు. వణుకు మెల్లగా తగ్గింది. ‘వచ్చా, వచ్చా నాన్నా’ అని అమ్మమ్మ గొంతు వినిపించింది. కళ్లు లైటును వదిలాయి. అప్పుడు ఏడ్చాడు.”

ఆ చివరి రెండు వాక్యాల కోసమే ఈ శిక్షణంతా. వదిలేసినంతసేపూ ఏడవలేదు. ఏడుపు వినే మనిషి వచ్చాక ఏడ్చాడు. చేతులు, నీళ్లు, పాట అన్నీ ఒకేసారి తొలగిపోయినప్పుడు బిడ్డ చెదిరిపోకుండా ఒక వెలుగునో, శబ్దాన్నో, వాసననో పట్టుకుని వేలాడతాడని బిక్ 1968లో చర్మం గురించి రాసిన వ్యాసంలో వివరించారు. ఆ వ్యాసం ఈ నోట్సు రాశాక చదవండి. ముందే చదివితే ప్రతి ఇంట్లోనూ ట్యూబులైటే వెతుకుతారు.

సెమినార్

వారానికోసారి నలుగురైదుగురు, ఒక అనుభవజ్ఞులైన గురువు కూర్చుంటారు. ఒకరి నోట్సు పూర్తిగా పైకి చదువుతారు. మిగతావారు వింటారు. మొదటి అరగంటలో ఎవరైనా తల్లిని తప్పుపడితే, ఆ మనిషి ఆ సమయంలో బిడ్డ పక్షాన ఉండిపోయారని అర్థం. మరొకరు తల్లిని వెనకేసుకొస్తారు. ఇంకొకరు అమ్మమ్మను. గదిలో ఆ ఇల్లే తయారవుతుంది. గురువు పని తీర్పు చెప్పడం కాదు, ఈ పక్షాలన్నీ ఒకే బిడ్డ చుట్టూ ఎందుకు ఏర్పడ్డాయో అందరూ కలిసి ఆలోచించేలా చూడటం. మీ వంతు రాని వారాల్లోనే ఎక్కువ నేర్చుకుంటారు. గైర్హాజరు కాకండి.

మొదటి ఏడాది గడిచాక రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లవాణ్ణి కూడా ఇదే తీరున ఏడాదిపాటు చూడాలి. బాలవాడిలోనో ప్లేస్కూల్లోనో అయితే సులువు.

మీ మనసు, మీ అర్హత

శిక్షణలో ఉన్నంతకాలం మీరు కూడా విశ్లేషణలో ఉండాలి, అంటే ఒక మనోవిశ్లేషకుల దగ్గరికి మీ మనసు గురించి మాట్లాడటానికి వెళుతుండాలి. ఇది ఐచ్ఛికం కాదు. బ్రిటన్ శిక్షణల్లో వారానికి కనీసం మూడుసార్లు. డబ్బూ సమయమూ బాగా పోతాయి కాబట్టి ముందే లెక్క వేసుకోండి. మీ చిన్నతనంలో మీరు ఎక్కడ ఆగిపోయారో తెలియకపోతే, మీ ముందు కూర్చున్న పిల్లవాణ్ణి అక్కడికి వెళ్లనివ్వరు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు దారి స్పష్టంగా ఉంది. ముందు పరిశీలన కోర్సు, తర్వాత నాలుగేళ్ల క్లినికల్ శిక్షణ, ఆ నాలుగేళ్లూ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో (ఎన్‌హెచ్‌ఎస్) జీతం వచ్చే ఉద్యోగంలో. 1949లో ఏర్పడిన పిల్లల చికిత్సకుల సంఘం ప్రమాణాలు చూస్తుంది. ఐదేళ్ల లోపు బిడ్డ, బడి ఈడు పిల్లవాడు, కౌమారంలో ఉన్నవారు ఒకరు, ఇలా ముగ్గురిని వారానికి మూడుసార్ల చొప్పున దీర్ఘకాలం చూసి ఉండాలి. మన దేశంలో మనోవిశ్లేషణకు పాత చరిత్రే ఉంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపిన గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. అయితే ఇక్కడ పిల్లలతో పనిచేయడానికి ముందు మీకు క్లినికల్ సైకాలజీలోనో, సైకియాట్రీలోనో, సోషల్ వర్క్‌లోనో గట్టి పునాది కావాలి. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టకండి.

మొదటి పిల్లవాడు

చికిత్స మొదలుపెట్టాక గది మారకూడదు, వేళ మారకూడదు, ప్రతిసారీ యాభై నిమిషాలు. ప్రతి పిల్లవాడికీ సొంత ఆటవస్తువుల పెట్టె ఉండాలి. ఈ ఏర్పాటు పిల్లల మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ నుంచి వచ్చింది. 1926లో బెర్లిన్ నుంచి లండన్ చేరిన ఆమె చిన్న చిన్న బొమ్మలు ఎంచుకున్నారు. పిల్లల ఆటకు పెద్దల మాటలకంత నేరుగా అర్థం చెప్పవచ్చా అని ఫ్రాయిడ్ కూతురు, పిల్లల విశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ ఆమెతో గట్టిగా విభేదించారు. ఇద్దరినీ చదవండి, ఏ పక్షమో తేల్చుకోవడానికి తొందరపడకండి.

పెట్టెలో అరచేతిలో పట్టే మనుషులు (పెద్దవాళ్లు, పిల్లలు, ఒక ముసలి జంట), ఊళ్లో ఉండే జంతువులు, అడవి జంతువులు, రెండు కార్లు, ఒక ఆటో, కాగితాలు, పెన్సిళ్లు, మొద్దు కత్తెర, జిగురు, దారం, మట్టి ఉంటే చాలు. గదిలో నీళ్లుండాలి. కొండపల్లి బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా ఈ పెట్టెలో వద్దు. అవి కొలువులో పెట్టుకునేవి, విరిగితే మీకు బాధ కలుగుతుంది, ఆ బాధను పిల్లవాడు ఇట్టే పసిగడతాడు. విరగ్గొట్టదగ్గ బొమ్మలు కావాలి.

మొదటి రోజు చెప్పేది కొద్దిగానే: “ఈ పెట్టె నీది. ఇంకెవరూ తీయరు. మనం ఇక్కడ ఆడుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు, ఊరికే ఉండవచ్చు. నీకు దెబ్బ తగిలేది, నాకు దెబ్బ తగిలేది మాత్రం చేయనివ్వను.” మిమ్మల్ని ఆంటీ అనో అక్క అనో పిలుస్తాడు. దిద్దకండి. ఏ రోజు ఏ వరుస మార్చాడో గమనించండి.

ఆట గురించి మాట్లాడేటప్పుడు ఆటలోనే ఉండి మాట్లాడండి. ఒక వారం మీరు రాలేకపోయారు అనుకుందాం. మరుసటి వారం ఆరేళ్ల పిల్లవాడు మీ వైపు చూడకుండా జంతువులన్నిటినీ పెట్టెలో కుక్కి మూత మీద కూర్చున్నాడు. “నా మీద నీకు కోపం వచ్చింది” అంటే తలుపు మూసుకుంటుంది. “పోయిన వారం మనం కలవలేదు. ఇవన్నీ లోపలే ఉండిపోయాయి. మూత ఎప్పుడు తీస్తారో వాటికి ఎవరూ చెప్పలేదు” అని చూడండి. అతను మూత మీంచి లేవకపోవచ్చు. పిరుదులతో ఒకసారి గట్టిగా అదిమితే, విన్నాడన్నమాట.

చదివేది ఇంగ్లీషులో అయినా ఆలోచన తెలుగులో చేయండి. అలక వేరు, మారాం వేరు, మొండితనం వేరు. అలకలో పిలుస్తారన్న ఆశ ఉంది. బెంగ అన్న మాట ఒక్కటి చాలు. తల్లి ఆసుపత్రిలో ఉంటే పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడని, బెంగతో జ్వరం వచ్చిందని మన ఇళ్లలో ఎప్పటినుంచో అంటున్నారు. బౌల్బీ, ఆయన సహోద్యోగి జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో తల్లిని విడిచి ఉన్న పిల్లలను చూసి, 1952లో సినిమా తీసి మరీ వైద్యులను నమ్మించాల్సి వచ్చింది ఆ మాటనే.

కుటుంబంతో

మొదటి కలయికకు ఆ ఇంట్లో ఉండే అందరినీ రమ్మనండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, పిల్లవాడి మీద ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పారు, పిల్లవాడు ఎవరి మొహం చూశాడు అన్నవి గమనించండి. మూడు తరాల వంశవృక్షం వాళ్ల ముందే గీయండి. పోయిన బిడ్డ, చెప్పుకోని పెళ్లి, అమ్మిన పొలం అక్కడే బయటికొస్తాయి. తండ్రి మౌనంగా ఉంటే ఆయన్ను పేరుపెట్టి ప్రశ్నలతో ఇరికించకండి. “మీరు ఈ వయసులో ఎలా ఉండేవారండీ?” అంటే చాలామంది మాట్లాడతారు.

మన దగ్గర ఒక కథ మళ్లీ మళ్లీ వస్తుంది. అమెరికాలో పుట్టిన బిడ్డను నెలల వయసులో అమ్మమ్మ దగ్గరికి పంపి, రెండు మూడేళ్లకు తిరిగి తీసుకెళతారు. తండ్రి గల్ఫ్‌లో ఉండి రెండేళ్లకోసారి వస్తాడు. పదో తరగతి కాగానే హాస్టల్. ఎవరిదీ తప్పని చెప్పకండి. అందరూ బిడ్డ కోసమే చేశారు. బిడ్డ ఆ విడిపోవడాన్ని ఎలా మోశాడో మాట్లాడటానికి చోటు ఇవ్వండి. తల్లిదండ్రులను వీలైనంతవరకు మరో సహోద్యోగి విడిగా చూడాలి. పిల్లవాడి నమ్మకాన్నీ తల్లిదండ్రుల నమ్మకాన్నీ ఒక్కరే మోయడం శిక్షణ దశలో శక్తికి మించిన పని.

గోప్యత గురించి తల్లిదండ్రులకూ పిల్లలకూ మొదటే చెప్పండి. దానికి ఉన్న హద్దు కూడా చెప్పండి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడం నేరం. అలాంటి మాట వినగానే అదే రోజు సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఫిర్యాదు చేయండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ముగించడం

పరిశీలన అయినా చికిత్స అయినా ముగింపు రోజు రెండు మూడు నెలల ముందే చెప్పాలి. పరిశీలన చేసిన ఇంట్లో “అప్పుడప్పుడూ వస్తూ ఉండండి” అంటారు. ఒకసారి వస్తానని చెప్పి వెళ్లండి, మాట ఇచ్చి మానకండి.

పిల్లవాడితో అయితే కాగితం మీద మిగిలిన వారాలకు గళ్లు గీసి ప్రతిసారీ ఒకటి కొట్టించండి. కొందరు ఆ కాగితాన్నే చింపేస్తారు. ఇంకొకటి గీయండి. చివరి రోజు పెట్టె తెరిచి ఏది తీసుకెళతావో అడగండి. ఏమీ వద్దనవచ్చు, విరిగిన గుర్రాన్ని మాత్రమే తీసుకెళ్లవచ్చు. అతను గేటు దాటగానే పెట్టె ఖాళీ చేసి కడిగి మరొకరికి ఇవ్వకండి. మూత పెట్టి బీరువాలో ఉంచండి. ఒక్కోసారి నెల తర్వాత తల్లి ఫోను చేసి, “మావాడు తన పెట్టె ఇంకా అక్కడే ఉందా అని అడుగుతున్నాడండీ” అంటుంది.